ఆరోగ్య దీపిక: మెతుకులోనే మేధ

శీతకాలంలో సూరత్ నగరానికి వెళ్లినవారు ‘పొంక్’ రుచి చూడక తిరిగిరారు. లేత జొన్న కంకులను కాల్చి, గింజలు రాల్చి, నిమ్మ, మిరియాలు కలిపిన సన్న కారప్పూసతో తినే చిరుతిండి అది. గత శీతకాలంలో అక్కడి మన సహోద్యోగి ఒకరి వెంట మేము పాండేసరకు వెళ్లాము. అద్దకపు మిల్లుల నడుమ గల ఆ ప్రాంతంలో, ఒక తెలుగు నేత కుటుంబం ఇంట పొంక్ పొట్లం విప్పగా, కరీంనగర్ ప్రాంతం నుండి దశాబ్దాల క్రితం వలస వచ్చిన పెద్దాయన నవ్వారు.

“చిన్నప్పుడు పొద్దుగాల గట్క, రాత్రికి గట్క. ఇప్పుడు గదే జొన్నను పైసలు వెట్టి కొంటున్నం సార్!”

ఆ మాట వినగానే మాకు హైదరాబాదు పరిశోధన ఒకటి స్ఫురించింది. 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధన సంస్థలో, డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకంఠయ్య దక్కను పీఠభూమిలో జొన్నపైనే ఆధారపడిన పేదలకు సోకుతున్న ‘పెల్లాగ్రా’ వ్యాధిని పరిశీలించారు. చర్మం నల్లబడి పగలడం, విరేచనాలతోపాటు దిగులు, మతి చెదరడం ఈ వ్యాధి లక్షణాలు. నియాసిన్ అనే బి-విటమిను లోపమే దీనికి మూలం. జొన్నలో అధికంగా ఉండే లూసిన్ కూడా ఇందుకు దోహదం చేస్తుందని వారు 1960లో ప్రతిపాదించారు.

అంతకు పూర్వం అమెరికా దక్షిణ రాష్ట్రాలలో మొక్కజొన్నే ప్రధానాహారంగా గల పేదలు ఇదే వ్యాధికి గురయ్యారు. వారిలో అనేకులు పిచ్చాసుపత్రుల పాలయ్యారు. ఇది అంటువ్యాధి అని పలువురు నమ్ముతున్న ఆ రోజులలో, 1914లో డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ ఒక విషయం గమనించారు. ఆ ఆశ్రమాలలోని రోగులకు పెల్లాగ్రా వస్తున్నది, వారి మధ్యనే తిరిగే సిబ్బందికి రావడం లేదు. భేదమంతా భోజనపు పళ్లెంలోనే ఉన్నది!

దోషం జొన్నది కాదు. జొన్న మంచి ధాన్యమే. పప్పు, పాలు, కూర తోడు లేకుండా ఏళ్ల తరబడి ఒక్క ధాన్యంతోనే పొట్ట నింపుకోవడమే దోషం. మన శరీర బరువులో మెదడు సుమారు 2 శాతమే అయినా, శక్తిలో దాదాపు 20 శాతం అదే వినియోగిస్తుంది. దానికి కడుపు నిండితే చాలదు, పోషకాలు అందాలి.

ఇది గతించిన కథ కాదు. ఆ పెద్దాయన మేనల్లుడు రాత్రి షిఫ్టులలో పనిచేస్తాడు. ఇంటి భోజనం వేళకు అందదు. ఛాయ్, బన్ను, మెస్సులో తెల్లన్నం, పలుచని చారు, ఇవే అతని ఆహారం. పెరుగు, గుడ్డు ముట్టడు. క్రమంగా అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు, చీటికిమాటికి చిరాకు మొదలయ్యాయి. మేస్త్రీ అశ్రద్ధ అన్నాడు. ఇంటివారు దురలవాటేమోనని శంకించారు. తుదకు రక్తపరీక్షలో బి-12 విటమిను లోపమని తేలింది. సూదిమందులతో జ్ఞాపకశక్తి కుదుటపడింది. కాళ్ల తిమ్మిరి మాత్రం పూర్తిగా పోలేదు. ఈ లోపాన్ని ఆలస్యంగా గుర్తిస్తే నరాలకు కలిగిన హాని కొంత శాశ్వతంగా మిగిలిపోవచ్చు.

బి-12 శాకాహారంలో సహజంగా దాదాపు లభించదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసాలలో ఉంటుంది. అవేవీ తీసుకోనివారు వైద్యుని సలహాతో మాత్రలు వాడాలి. నియాసిన్‌కు పిడికెడు వేరుశనగలు చక్కని ఆధారం. పప్పు, ఆకుకూరలు ఫోలిక్ ఆమ్లాన్ని అందిస్తాయి. ఇందులో ఖరీదైనదేదీ లేదు.

మతిమరుపులన్నిటికీ ఆహారమే కారణమని మేము అనడం లేదు. నిద్రలేమి, థైరాయిడ్ లోపం, మనోవ్యథ కూడా కారణాలు కావచ్చు. నిర్ణయించవలసినది వైద్యుడే. అయితే ఇంటిలో ఎవరైనా మునుపటివలె లేరనిపించినప్పుడు, మందలించే ముందు వారేమి తింటున్నారో ఒక్కసారి అడుగుదాం. షిఫ్టుకు వెళ్లేవారి డబ్బాలో అన్నంతోపాటు పప్పు, పెరుగు ఉన్నాయో లేదో ఈ రాత్రే చూద్దాం.