త్రికోణమే ప్రాణం
సాలుకు 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని అనంతపురం సీమలో గొర్రు విరిగినా, ట్రాలీ చీలినా రైతుకు దిక్కు వెల్డింగ్ షాపే. ఆ చేతులకు ఇంటి షెడ్డులో మట్టి దారుల మీద నడిచే మోటారు బగ్గీకి చట్రం కట్టడం అసాధ్యమేమీ కాదు. అయితే పాత జీఐ పైపులతో మాత్రం వద్దు: జింకు పూత కాలితే పొగ విషం, అతుకూ బలహీనం. సీమ్‌లెస్ ఉక్కు గొట్టమే కొనండి. ప్రతి చదరానికీ ఏటవాలు గొట్టం వేసి త్రికోణాలు చేయండి; బండి బోల్తా పడితే తలను కాచేది అదే. 2007లో మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో మొదలైన బాహా అనే బగ్గీ పోటీల్లో ఈ గొట్టాల పంజరం తనిఖీ దాటనిదే విద్యార్థుల బండి ట్రాక్ ఎక్కదు. ఆ క్రమశిక్షణను 1946 నాటి మన అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీ వీధి వెల్డర్లకూ నేర్పాలి.