గ్రంథాలయ సంఘాల్లో కుర్రాళ్లకు చోటివ్వండి



మన కృష్ణా డెల్టా ఊళ్లలో గ్రంథాలయ వార్షికోత్సవం అంటే గ్రంథాలయోద్యమాన్ని నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారి పటానికి, పాతూరి నాగభూషణం గారి పటానికి దండలు వేస్తాం. కానీ వాళ్లు పనిచేసిన తీరును గుర్తుపెట్టుకోం. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టేనాటికి అయ్యంకి వారికి పాతికేళ్లు నిండలేదు. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైంది ఒక యువజన సంఘంగానే. ఇక 1935లో పాతూరి వారు పుస్తకాలను పడవెక్కించారు. కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పోయే ప్రయాణికులు పడవలోనే చదువుకునేవారు. ఆనాడు జనం పడవల మీద తిరిగేవారు కాబట్టి గ్రంథాలయం కూడా జనం ఉన్నచోటికే వెళ్లింది.

ఈనాడు చదివేవాళ్లు ఎక్కడున్నారు? నేను సభ్యుడిగా ఉన్న ఒక ఊరి గ్రంథాలయంలో సాయంత్రం ఏడు గంటలకు తాళం పడుతుంది. ఆ తర్వాత వరండా మెట్ల మీద, వీధి దీపం వెలుగులో, గ్రూప్-2కీ డీఎస్సీకీ చదివే పిల్లలు కనిపిస్తారు. లోపల బల్లలు, ఫ్యాన్లు ఖాళీగా ఉంటాయి. కాస్త డబ్బున్నవాళ్లు విజయవాడ వెళ్లి నెలకింతని కట్టి ప్రైవేటు స్టడీ హాళ్లలో కూర్చుంటున్నారు. ఆడపిల్లలకు ఆ అవకాశం కూడా తక్కువే. బీరువాల్లో పాత 'భారతి' పత్రిక సంపుటాలు చెదలు పట్టిపోతున్నాయి. ఫోనుతో స్కాన్ చేసి పెడతామని కుర్రాళ్లు ముందుకొస్తే, కమిటీ తీర్మానం కావాలన్నారు. కమిటీ ఏడాదికోసారి కూడా కూర్చోదు.

పోటీ పరీక్షల గైడ్లు చదువుకునే చోటు గ్రంథాలయం ఎలా అవుతుందని కమిటీ పెద్దలు అడుగుతారు. సాహిత్యం మీద వాళ్ల ప్రేమను నేను శంకించను. కానీ చలం, కొడవటిగంటి పుస్తకాలు తాళం వేసిన బీరువాలో ఉంటే ఎవరు చదువుతారు? తన పుస్తకం తెచ్చుకుని రోజూ వచ్చి కూర్చునే పిల్ల, అలసిపోయిన పూట పక్క బీరువా వైపు చూస్తుంది. ఆ బీరువా తెరిచి ఉండాలి.

డబ్బు లేదన్నది రెండో మాట. డబ్బు కన్నా ముందు మనుషులు కావాలి. కొత్త సభ్యత్వాలు ఆపేసి, ఉన్న పదిమందే పదవులు మార్చుకుంటూ పోతే చందా అడగడానికి గడప తొక్కేదెవరు? కమిటీల్లో ఉన్న పెద్దలు చాలామంది జేబులోంచి కరెంటు బిల్లు కట్టి మరీ సంఘాన్ని నిలబెట్టినవాళ్లు. వాళ్లను వెళ్లిపొమ్మనడం లేదు, పక్కన చోటు ఇవ్వమంటున్నాను.

బైలాలు మార్చుకునే అధికారం సర్వసభ్య సమావేశానికి ఉంది. డెల్టాలోని ప్రతి గ్రంథాలయ సంఘం ఈ ఏడాది సమావేశంలో మూడు తీర్మానాలు పెట్టాలని కోరుతున్నాను. కార్యవర్గంలో మూడోవంతు స్థానాలు ముప్పై ఐదేళ్ల లోపు వారికి, అందులో సగం స్త్రీలకు ఇవ్వాలి. కొత్త సభ్యత్వాలు వెంటనే తెరవాలి. చదువుకునే హాలు రాత్రి పది దాకా తెరిచి ఉంచాలి, తాళంచెవి ఆ పిల్లల చేతికే ఇవ్వాలి.

ఇట్లు,
ఒక గ్రంథాలయ సంఘ సభ్యుడు,
విజయవాడ.