తొక్కింది ఒకరు, అమ్ముకుంది ఇంకొకరు

జర్మనీలో సైకిళ్లు తొక్కేవాళ్లంతా కలిసి పెంచుకున్న సంస్థనొకదాన్ని ఇటలీ కంపెనీ కొనేసుకుంటే మనకేం పోయిందీ? పొద్దున్న లేస్తే పాలప్యాకెట్టూ, పిల్లల టిఫిన్ డబ్బాలూ, తొమ్మిదింటి బస్సూ... మన హడావుడి మనకుంది. మావారు సరిగ్గా ఈ మాటే అన్నారు. "అసలు నువ్వెప్పుడైనా సైకిల్ తొక్కావా?" అని కూడా అడిగారు. తొక్కాను. ఏడో తరగతిలో, మా అన్నయ్య సైకిలు, కమ్మీ సందులోంచి కాలు దూర్చి. అయినా నేను చెప్పబోయేది మనం ఊరికే చేసిపెట్టే పనికి యజమాని ఎవరన్న సంగతి. ఆ విషయంలో ఆడవాళ్లకున్నంత అనుభవం ఇంకెవరికుంది చెప్పండి?

సంగతేమిటంటే, కోమూట్ అని ఒక యాప్ ఉంది. జర్మనీలో బెర్లిన్ పక్కనున్న పోట్స్‌డామ్ దాని ఊరు. 2010లో ఆరుగురు మిత్రులు కలిసి మొదలుపెట్టారు. సైకిల్ మీద వెళ్లేవాళ్లకీ, కొండల్లో నడిచేవాళ్లకీ దారి చూపిస్తుంది. మామూలు మ్యాపు కారు వెళ్లే రోడ్డు చూపిస్తే, ఇది లారీలు రాని కాలువగట్టు దారి, చెట్లమధ్య మట్టిబాట చూపిస్తుంది. మరి ఆ మట్టిబాట ఉందని దానికెలా తెలుసు? తొక్కినవాళ్లు చెప్పారు. తాము వెళ్లిన దారి నమోదు చేశారు. బాగున్న చోట ఆగి ఫొటో తీసి, నాలుగు ముక్కలు రాశారు. దీనికెవరూ జీతం ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు కూడా.

ఆ రాసిన ముక్కలు చూస్తే, మగవాళ్ల రాతకీ ఆడవాళ్ల రాతకీ తేడా నాకు ఇట్టే కనిపించింది. మా అక్క కూతురు హాంబర్గ్‌లో ఉద్యోగం చేస్తోంది, ఆదివారమొస్తే సైకిలేసుకుని పోతుంది. కిందటిసారి వచ్చినప్పుడు ఫోనులో అవన్నీ చూపించి తెలుగులో చదివి వినిపించింది. మగవాళ్లు ఎత్తెంత, వేగమెంత, ఎన్ని గంటల్లో ఎక్కాం అని రాస్తారు. ఆడవాళ్లేమో "ఈ వంతెన కింద దీపాల్లేవు, చీకటి పడ్డాక ఒంటరిగా వద్దు", "ఈ బేకరీ ఆవిడ మంచిది, బాత్‌రూమ్ వాడుకోనిస్తుంది", "కుళాయి నీళ్లు ఇక్కడే, తరవాత రెండూళ్ల దాకా లేవు" అని. (మన హైవేల మీద ఎక్కడ ఆగొచ్చో ఎక్కడ ఆగకూడదో చెప్పే ఇలాంటి జాబితా ఒకటి ఉంటే ఎంత బాగుండును! విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లేటప్పుడు నీళ్లు తాగడానికి భయపడే ఆడవాళ్లం ఎంతమందిమి లేం?) ఇంకొకావిడకి ఉపయోగపడుతుందనే రాశారు. పక్కింటావిడకి ఫలానా కిరాణాకొట్లో బియ్యం బాగుంటాయని చెప్పినట్టే.

అలా పదిహేనేళ్లు పోగైంది. 2025 నాటికి నాలుగున్నర కోట్ల మందికి పైగా చేరారు. ఆ ఏడాది మార్చిలో ఇటలీలో మిలాన్ నగరానికి చెందిన బెండింగ్ స్పూన్స్ అనే కంపెనీ దాన్ని కొంటున్నట్టు ప్రకటన వచ్చింది. ఆ వెంటనే, అక్కడ పనిచేస్తున్న దాదాపు నూటయాభై మందిలో ఎక్కువమందికి ఉద్యోగాలు పోయాయి. దారులు రాసిన కోట్ల మందిని ఎవరూ ఒక్క మాట అడగలేదు. అడగాల్సిన పనీ లేదు, చట్టప్రకారం. చేరేటప్పుడు "ఒప్పుకుంటున్నాను" అని నొక్కుతాం చూడండి, అక్కడే అయిపోయింది.

ఈ బెండింగ్ స్పూన్స్ వాళ్లకిది అలవాటైన పని. రాసుకున్నవి దాచుకునే ఎవర్‌నోట్‌ని కొంటున్నట్టు 2022 చివర్లో ప్రకటించారు. 2023లో అమెరికాలోనూ, చిలీలోనూ ఉన్న సిబ్బందిలో దాదాపు అందరినీ పంపించేశారు. ఆ డిసెంబరు నుంచి డబ్బు కట్టనివాళ్లు యాభై నోట్సు మించి కొత్తవి రాసుకోవడానికి లేకుండా చేశారు. 2024లో మీటప్, వీట్రాన్స్‌ఫర్ కొన్నారు. జనం ఎక్కడ అలవాటుపడి, వదల్లేని స్థితికి వచ్చారో అక్కడ కొంటారు. వదిలేసి పోతే ఇన్నేళ్లు రాసుకున్నది పోతుంది కదా అని మనమే ఆగిపోతాం. అత్తారింట్లో పదేళ్లు పెంచిన మల్లెపందిరి చూసి ఆగిపోయినట్టు.

ఆ ఆరుగురినీ తిట్టడం నా ఉద్దేశం కాదు. పదిహేనేళ్లు కష్టపడ్డారు. పెట్టుబడి తెచ్చారు, కంప్యూటర్లు నడిపారు, మనుషులకు జీతాలిచ్చారు. వాళ్లు లేకపోతే ఆ బేకరీ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. ఒకనాటికి అమ్ముకుని వెళ్లిపోవాలనుకోవడం నేరం కాదు. కొన్న కంపెనీ పుణ్యానికి కొనదు కాబట్టి పెట్టిన సొమ్ము రాబట్టుకోవాలనుకోవడంలోనూ వింత లేదు. నాకు గొంతు దిగనిది ఒకటే. చేర్చుకునేటప్పుడు "ఇది మనందరిదీ" అన్నారు. అమ్మేటప్పుడు "ఇది మాది" అయింది. "మనది" అన్నమాట ఎంత తియ్యగా ఉంటుందో అంత జాగ్రత్తగా వినాలి. కోడలికి చెప్పే "ఇది నీ ఇల్లేనమ్మా" అన్నమాట లాంటిదే అది. కాగితాలెవరి పేరున ఉన్నాయో చూసేదాకా తెలీదు.

మా పేటలో ఇలాంటిదే జరిగింది, చాలా ఏళ్ల కిందట. ఒకాయన తన వీధిగది ఇచ్చారు, మేం ఆడవాళ్లం తలా కొన్ని పుస్తకాలిచ్చి చిన్న లైబ్రరీ పెట్టాం. అట్టలు వేశాం, నంబర్లు రాశాం, రోజుకొకరం సాయంత్రం గంటసేపు కూర్చున్నాం. తరవాత ఆయన గదిని ఓ ట్యుటోరియల్ వాళ్లకి అమ్మారు, బీరువాలతో సహా. పుస్తకాలు మావి కదా అంటే, రసీదులేవమ్మా అన్నారు. ఎవరి దగ్గరుంటాయి రసీదులు? మూడొంతులు తూకానికి పోయాయి.

సైకిల్‌వాళ్ల చరిత్రలోనే ఇంకో పద్ధతి ఉంది, నాకు భలే నచ్చింది. ఇంగ్లండులో 1878లో సైకిల్ యాత్రికులు ఒక సంఘం పెట్టుకున్నారు. తరవాత దాన్ని సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ అన్నారు. ఇప్పుడు సైక్లింగ్ యూకే అంటారు. అదీ కోమూట్ పనే చేసేది, కాకపోతే కాగితం మీద. ఏ దారి బాగుంటుంది, ఏ కొండ దిగుడు ప్రమాదం, ఏ హోటల్లో సైకిల్‌వాళ్లకి మర్యాద జరుగుతుంది అని సభ్యులే సమాచారం పోగుచేశారు. ప్రమాదమైన దిగుళ్ల దగ్గర బోర్డులు పాతారు. ఒప్పందం చేసుకున్న హోటళ్లకి రెక్కల చక్రం గుర్తు ఇచ్చారు.

1898లో లేడీ హార్బర్టన్ అనే ఆవిడ సైకిల్ మీద వెళ్తూ సర్రే ప్రాంతంలో ఆకమ్ అనే ఊళ్లో హాట్‌బాయ్ హోటల్ దగ్గర ఆగింది. ఆవిడ ఆడవాళ్ల బట్టలు ఒంటికి హాయిగా ఉండాలని ఉద్యమం నడిపిన మనిషి. ఆ రోజు గౌను బదులు పైజామాలాంటి వదులు లాగు, పైన పొడుగు కోటు వేసుకుంది. హోటల్ యజమానురాలు (అవును, ఆడావిడే) ఆ బట్టల్లో కాఫీ గదిలోకి రానివ్వనంది. కావాలంటే బార్ పక్కగదిలో, చుట్టలు కాల్చే మగవాళ్ల మధ్య కూర్చుని తినమంది. లేడీ హార్బర్టన్ వెళ్లిపోయి క్లబ్బుకి ఫిర్యాదు చేసింది. క్లబ్బు తన ఖర్చుతో ఆ హోటల్ మీద 1899లో కోర్టుకెక్కింది. ఓడిపోయింది లెండి, తిండి పెట్టనన్లేదు కదా, వేరే గదిలో పెడతానంది కదా అన్నారు జ్యూరీవారు. అయినా దేశమంతా మాట్లాడుకున్నారు. ఒక సభ్యురాలి లాగు కోసం సంఘం డబ్బు ఖర్చుపెట్టింది చూశారా? ఎందుకంటే ఆవిడ సభ్యురాలు. వాడకందారు కాదు. చందా కట్టింది కాబట్టి అడిగే హక్కుంది, అడిగితే వినే బాధ్యత వాళ్లకుంది. లాభం చూసుకునే యజమాని అయితే ఆ కేసు వేసి ఉండేవాడా అని నాకు అనుమానమే.

ఆడవాళ్ల విషయం ఇలాంటి అమ్మకాల్లో ముందుగా ఎగిరిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నుంచి 2008లో వేడ్ వాలెస్ అనే ఆయన ఒక్కడే మొదలుపెట్టిన సైక్లింగ్ టిప్స్ సంగతి చూడండి. మెల్లగా మంచి సైకిల్ పత్రికగా ఎదిగింది. ఆడవాళ్ల పోటీల గురించి ఎవరూ పట్టించుకోని రోజుల్లో, 2015లో, ఎల్లా అనే పేరుతో ప్రత్యేకంగా వాళ్ల కోసం విభాగం పెట్టింది. అది చేతులు మారి 2021లో అమెరికాలోని అవుట్‌సైడ్ కంపెనీ కిందికి చేరింది. 2022 నవంబరులో ఉద్యోగాల కోత. సంపాదకుడు కేలీ ఫ్రెట్జ్‌నీ తీసేశారు. ఆ తరవాత ఆ పేరే లేకుండా పోయింది. ఆ కోత పెట్టిన ఏడాదిలోనే, జులైలో, టూర్ డి ఫ్రాన్స్ ఆడవాళ్ల పందెం మళ్లీ మొదలైంది. రాయడానికి విషయం దొరికిన వేళకి రాసే చోటు పోయిందన్నమాట.

వాళ్లు మాత్రం ఊరుకోలేదు. 2023లో ఫ్రెట్జ్, వాలెస్, వాళ్ల పాత సహచరులు కలిసి ఎస్కేప్ కలెక్టివ్ పెట్టారు. ఈసారి ప్రకటనదారుల మీద కాకుండా చందాదారుల మీద ఆధారపడి. ఆడవాళ్ల పోటీల గురించి రాసే ఆబీ మికీ కూడా అక్కడికే వెళ్లింది. ఉచితం కాదు, డబ్బు కట్టాలి. అసలు కిటుకు అక్కడే ఉందనుకుంటాను. ఉచితమంటే మనకి ఆశ. చింతపండుకి కిలోకి పది రూపాయలు తగ్గుతుందంటే రెండు వీధులు నడుస్తాం, ఫోనులో ఉచితంగా ఇస్తుంటే ఎవరు ఎందుకిస్తున్నారో అడగం.

మన దగ్గరా దారి తెలియక కాదు. ములుకనూరులో 2000లో మొదలైన మహిళా డెయిరీ ఉంది కదా, స్వకృషి పాలు. పాలు పోసే ఆడవాళ్లే సభ్యులు, సభ్యులే యజమానులు. దాన్ని అమ్మాలంటే ఎవరిని అడగాలి? ఆ పాలు పోసేవాళ్లనే. దారుల మ్యాపులకి కూడా ఇలాంటిదొకటి ఉంది. 2004లో ఇంగ్లండులో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. ప్రపంచమంతా ఊరూరా జనం తమ వీధి తాము గీసి చేర్చిన మ్యాపు అది. ఆ సమాచారాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరూ తాళం వేసుకోకూడదు అని రాతపూర్వకంగా షరతు పెట్టుకున్నారు. కోమూట్ కింద పరుచుకున్న మ్యాపు కూడా అదే! అంటే గ్రామకంఠం భూమి మీద కట్టిన ఇల్లు అమ్ముడుపోయిందన్నమాట. నేల మాత్రం ఇంకా ఊరిదే, అంతవరకు నయం.

ఇంకో భయం ఉంది, అది ఆడపిల్లలున్న తల్లులు వినాలి. సైకిల్ దారి ఎక్కడ మొదలవుతుంది? మన గుమ్మంలో. ఏ రోజు ఎన్నింటికి బయల్దేరింది, ఏ దారిన వెళ్లింది, ఒంటరిగా వెళ్లిందా అన్నీ అందులో ఉంటాయి. 2017 నవంబరులో స్ట్రావా అనే కంపెనీ జనం పరుగెత్తిన, తొక్కిన దారులన్నీ కలిపి ఒక మ్యాపు బయటపెడితే, మూడు నెలలు తిరిగేసరికి అందులో సైనిక స్థావరాల ఆనవాళ్లు కనిపించి గగ్గోలైంది. సైనికుల సంగతే అలా ఉంటే ఆడపిల్ల సంగతేమిటి? కంపెనీ అమ్ముడుపోతే ఈ చిట్టా కూడా చేతులు మారుతుంది. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం మన వివరాల నకలు అడిగి తీసుకోవచ్చు, చెరిపెయ్యమనీ అడగొచ్చు. మన దేశంలో 2023లో చట్టం చేశారు. అడిగేవాళ్లుంటేనే చట్టానికి విలువ.

కాబట్టి వంటల గ్రూపు కానివ్వండి, కుట్టుపని గ్రూపు కానివ్వండి, నడక క్లబ్బు కానివ్వండి, చేరేటప్పుడు రెండు ప్రశ్నలు మొహమాటపడకుండా అడగండి. ఇది ఎవరి పేరున ఉంది? రేపు నేను వెళ్లిపోతే నేనిచ్చింది నాతో తీసుకెళ్లొచ్చా? "అబ్బే, మనలో మనకి ఇవన్నీ ఎందుకండీ" అన్నారంటే, ఇంకోసారి అడగండి.

మా అక్క కూతురు రెండు ఆదివారాలు సైకిల్ తియ్యకుండా కూర్చుని, ఇన్నేళ్లూ తాను తొక్కిన దారులన్నీ నకలు దించుకుంది. మూడొందల పైచిలుకు. వాటిని ఎక్కడ పెట్టాలన్నది ఇంకా తేల్చుకోలేదట. బేకరీ ఆవిడ సంగతి మాత్రం స్నేహితురాళ్లకి విడిగా చీటీ రాసి ఇచ్చానంది.