తీర్పు ఊసే లేదు

సంపాదకులకు,

అద్దె గర్భాలపై మీ ఆదివారం వ్యాసం చదివాను. 2014లో వార్తలకెక్కిన, థాయ్‌లాండ్‌లో అద్దె గర్భాన పుట్టిన కవలల్లో డౌన్ సిండ్రోమ్ ఉన్న బాబును ఆస్ట్రేలియా దంపతులు వదిలేసి పోయారని రాశారు. అప్పట్లో లోకమంతా అలాగే రాసింది లెండి. కానీ 2016లో పశ్చిమ ఆస్ట్రేలియా కుటుంబ న్యాయస్థానం వాళ్లు వదిలేయలేదని, బాబును తన దగ్గరే ఉంచుకోవాలని మోసిన తల్లే కోరుకుందని తేల్చింది. ఆ తీర్పు ఊసే మీ వ్యాసంలో లేదు. పైగా పసివాడి పేరు, ఫొటో! మన పోక్సో కేసుల్లో పిల్లల ఆనవాళ్లు దాస్తామే, పరాయి దేశపు బిడ్డకు ఆ మర్యాద అక్కర్లేదా?

పక్క పేజీలోనేమో విదేశీ సరోగసీ క్లినిక్ ప్రకటన. 2021 సరోగసీ చట్టం ప్రకారం వాణిజ్య సరోగసీ ప్రకటన ప్రచురించడమూ నేరమే. 10 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల దాకా జరిమానా. మీ ప్రకటనల విభాగం 38వ సెక్షన్ ఒకసారి చదవాలి.

– ఒక పాఠకురాలు, హనుమకొండ