ముందు నిలబడనివ్వండి

"ఫీజు కట్టి మరీ పిల్లకు నిలబడటం నేర్పిస్తాండావా?" అని నన్ను అడిగినవాళ్లలో మగవాళ్లు తక్కువ. అడిగింది మన ఆడవాళ్లే కాబట్టి జవాబు కూడా ఇక్కడే చెప్తాను.

మా అమ్మాయి హైదరాబాదులో డిగ్రీ చదువుతూ వింగ్ చున్ నేర్చుకుంటోంది. చైనా యుద్ధవిద్యల్లో అదొకటి. బ్రూస్ లీ కుర్రతనంలో హాంకాంగ్‌లో ఇప్ మాన్ దగ్గర నేర్చుకున్నది అదే. రెండు నెలలైనా దానికి ఒక్క తన్నూ నేర్పలేదు. మన వాళ్ల బాధంతా అక్కడే.

మరి ఏం నేర్పారు? పాదాలు దగ్గరపెట్టి, మోకాళ్లు కాస్త వంచి, ముందు కాలివేళ్లను బయటికి తిప్పాలి, తర్వాత మడమలను బయటికి తిప్పాలి. కాళ్లు ఎడమవుతాయి, వేళ్లు లోపలికి చూస్తాయి. ఈ నిలకడకు వాళ్లు పెట్టుకున్న పేరుకు మేకను కాళ్లతో బిగించి పట్టడమని అర్థం. మైదుకూరు చుట్టుపక్కల పల్లెల్లో మేకకు మందు తాపేటప్పుడు ఆడోళ్లు ఎట్లా నిలబడతారో చూడలేదా? ఈ మాట చెప్పగానే మా అత్త "ఓస్, ఇంతేనా" అనింది!

అట్లా నిలబడే మొదటి వరస చెయ్యాలి. దాని పేరు సియూ నిమ్ తౌ, చిన్న తలంపు అని. మొదటినుంచి చివరిదాకా అడుగు కదలదు, చేతులే కదులుతాయి. అరచెయ్యి పైకి పెట్టి, ఛాతీ ముందునుంచి చెయ్యి చాపడానికి నిమిషాలు పడుతుంది. భుజం బిగిసిందా, మళ్లీ మొదటికే. ఎదుటివాడు తోస్తే కండతో కాకుండా ఎముకల పొందికతో ఆ తోపును నేలలోకి దించడం ఒంటికి అలవాటు కావాలి. దానికి దగ్గరదారి లేదు.

ఈ విద్యకు వింగ్ చున్ అనేది ఒక ఆడపిల్ల పేరు. బలవంతంగా పెళ్లాడతానని ఒక రౌడీ వెంటబడితే, ఎంగ్ మూయ్ అనే బౌద్ధ సన్యాసిని ఆ పిల్లకు నేర్పిందట. చరిత్రకు నిలవని కథే కావచ్చు. అయినా మగవాళ్లే ఎక్కువగా నేర్చుకున్న విద్యకు ఆడపిల్ల పేరు నిలిచింది చూడండి.

ఇక మన సంగతి. పిల్ల నడక నేర్చిన నాటినుంచి కాళ్లు దగ్గరపెట్టుకో, భుజాలు ముడుచుకో, తల దించుకో అంటాం. దానికి ఒద్దిక అని మంచి పేరొకటి. పదిహేనేళ్లు అట్లా ముడిచిపెట్టిన ఒంటిని మూడు నెలల్లో సివంగిని చెయ్యమంటాం. సర్కారు బడుల్లో ఆడపిల్లలకు రాణీ లక్ష్మీబాయి పేరుతో ఆత్మరక్షణ శిక్షణ ఉంది, అదీ మూడు నెలలే. ఉన్నందుకు సంతోషం. కానీ వార్షికోత్సవంలో పెంకులు పగలగొట్టించి, ఫోటో తీసుకొని, అంతటితో సరిపెట్టేది మనమే కదా. "బెల్టు ఎప్పుడిస్తారు?" అని అడిగేదీ మనమే. వింగ్ చున్ పాత పద్ధతిలో బెల్టులే లేవు తల్లీ!

పోతన నరకాసురుడి మీదికి సత్యభామతో విల్లు పట్టించాడు. కాలు ముందుకు చాచి నిలబడే విలుకాడి తీరుకు మన కావ్యాల్లో ఆలీఢమని పేరుంది. బీఏలో ఆ పాఠం చదివి మార్కులు తెచ్చుకున్నాం, ఇంట్లో పిల్ల కాళ్లు ఎడంగా పెడితే మాత్రం కసురుతాం.

నిలబడి చేతులాడిస్తే రోడ్డు మీద దుర్మార్గుడు ఆగుతాడా? ఆగడు. పరిగెత్తే వీలుంటే పరిగెత్తమనే నేనూ చెప్తాను. కానీ బస్సులో తోస్తే పడిపోకుండా, చెయ్యి పట్టి లాగితే వెంట పోకుండా ఉండాలంటే ముందు కాలు నేలన ఆనాలి. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: మోకాళ్లు నొప్పి పెడుతున్నాయా, కాలు తుంటి నుంచి తిరుగుతోందా, మోకాలినే మెలిపెడుతున్నారా? గురువును అది అడగండి.

"పెళ్లిచూపుల్లో గూడా ఇట్లే నిలబడతాదా?" అని అడిగిన వదినా, నిలబడుతుంది. ఇష్టమైనవాళ్లు కూర్చుంటారు, లేనివాళ్లు కాఫీ తాగి పోతారు.