నెక్స్ట్ బటన్ నొక్కితే ప్రథమ చికిత్స వచ్చేస్తుందా?

నేను రాసిన కోడు కొన్ని వందల మందికి ప్రథమ చికిత్స వచ్చని సర్టిఫికెట్లు ఇచ్చింది. వాళ్లలో ఎంతమంది కనీసం ప్రాక్టీసు బొమ్మ ఛాతీ మీదైనా చేతులు పెట్టి నొక్కారో నాకు తెలీదు. నా డేటాబేసులో ఉన్నది స్కోరు మాత్రమే. ఇరవైకి ఇరవై.

విషయమేంటంటే, రెండేళ్ల క్రితం మా టీము విమానాశ్రయాల్లో గ్రౌండ్ హ్యాండ్లింగ్ చేసే ఒక కంపెనీకి (పేరొద్దులెండి) ట్రైనింగ్ పోర్టల్ తయారు చేసింది. సామాన్లు ఎక్కించేవాళ్లు, ట్రాక్టర్లు నడిపేవాళ్లు, విమానాన్ని వెనక్కి నెట్టేటప్పుడు హెడ్‌సెట్ పెట్టుకుని పక్కన నడిచేవాళ్లు... అందరికీ సేఫ్టీ, ఫస్ట్ ఎయిడ్ కోర్సులు. స్లైడ్లు, రెండు వీడియోలు, చివర్లో క్విజ్. ఓ రోజు ఏదో బగ్ వెతుకుతూ లాగ్స్ తీస్తే, ఒకే రాత్రి, ఒకే కంప్యూటర్ నుంచి, ఒకరి తర్వాత ఒకరు కోర్సు పూర్తి చేసేశారు. అందరికీ ఫుల్ మార్కులు! ఆఫీసులో ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ కోర్సు మనం ఎలా కానిచ్చేస్తామో తెలిసినవాణ్ణే కాబట్టి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. తర్వాత టెస్టింగ్ కోసం సైటుకెళ్లినప్పుడు అక్కడ పనిచేసే ఒకబ్బాయిని అడిగా.

"గది మా షిఫ్ట్ సారే చేసేస్తడు అన్నా. ఫ్లైట్ మీద ఫ్లైట్ ఉంటది, కూసొని సూసేటందుకు టైమేడిది?"

మన పనిలో తప్పు జరిగితే రోల్‌బ్యాక్ ఉంది. 2015 డిసెంబరు 16న ముంబైలో, మన హైదరాబాదుకే రావాల్సిన ఎయిరిండియా విమానాన్ని వెనక్కి నెట్టాక, కింద సిబ్బంది ఇంకా పక్కనే ఉండగా అది కదిలింది. ఇంజను ఓ టెక్నీషియన్ని లోపలికి లాగేసుకుంది. నిజానికి ఇలాంటిది జరక్కుండా ఒక చక్కటి పద్ధతి ఉంది. వెనక్కి నెట్టేటప్పుడు ముందు చక్రం దగ్గర ఒక పిన్ను పెడతారు, దానికో ఎర్ర రిబ్బను వేలాడుతుంటుంది. పని అయ్యాక హెడ్‌సెట్ మనిషి ఆ పిన్ను తీసి, దూరంగా పైలట్‌కి కనబడే చోట నిలబడి, దాన్ని చేత్తో పైకెత్తి చూపిస్తాడు. చూశానని పైలట్ సైగ చేస్తాడు. అప్పుడే కదలాలి. మన భాషలో చెప్పాలంటే, అక్నాలెడ్జ్‌మెంట్ రాకుండా తర్వాతి ప్యాకెట్ వెళ్లకూడదు. ఇది ఒంటికి అలవాటవ్వాల్సిన పని, నాలుగు ఆప్షన్లలో ఒకటి టిక్ పెట్టే పని కాదు.

"అమెరికాలో అయితే ఇలా జరగదు" అనేవాళ్ల కోసం ఇంకోటి. 2022 డిసెంబరు 31న అలబామాలోని మాంట్‌గోమరీలో విమానంలోని సహాయక పవర్ యూనిట్ పనిచెయ్యట్లేదు. అందుకని బయటి కరెంటు కలిపేదాకా ఇంజను ఆపరు. ఈ ముక్క కింది సిబ్బందికి చెప్పారు, అదీ ఒకసారి కాదు. విమానం రావడానికి పది నిమిషాల ముందు ఒకసారి, గేటు దగ్గరికి వచ్చేముందు మరోసారి. అయినా ఒక ఉద్యోగిని నడుస్తున్న ఇంజను ముందుకి వెళ్లి చనిపోయింది. ఆ కంపెనీకి పడిన జరిమానా 15,625 డాలర్లు. మనిషి నోటితో, ఎదురుగా నిలబడి, రెండుసార్లు చెప్పినా జరిగింది. మరి నా స్లైడ్లు ఎంత?

ఫస్ట్ ఎయిడ్ సంగతికొస్తే, నా వాదనకి అడ్డుపడే లెక్క ఒకటుంది, దాచడం ఎందుకు. షికాగో విమానాశ్రయాల్లో గుండెకి షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రాలు పెట్టి రెండేళ్లు చూసి 2002లో ఫలితాలు ప్రచురించారు. షాక్‌తో ఫలితం ఉండే రకంగా 18 మందికి గుండె ఆగిపోతే 11 మందిని బతికించగలిగారు. ఆ పదకొండు మందిలో ఆరుగుర్ని కాపాడింది ఆ యంత్రం మీద ఏ శిక్షణా లేనివాళ్లు (వాళ్లలో ముగ్గురు డాక్టర్లనుకోండి). చూశారా, ట్రైనింగే అక్కర్లేదు అనొచ్చు. కానీ అక్కడ యంత్రాలు ఒకటీ ఒకటిన్నర నిమిషం నడక దూరంలో పెట్టారు. అదే లెక్కలో, అయిదు నిమిషాల్లోపు యంత్రం అందని నలుగురిలో ఒక్కరూ బతకలేదు. అవి ఉన్నది ప్రయాణికులు తిరిగే టెర్మినళ్లలో. అవతల విమానం కింద, మే నెల ఎండలో కాలిపోతున్న కాంక్రీటు మీద లోడర్ కుప్పకూలితే? యంత్రం వచ్చేదాకా పక్కవాడి చేతులే దిక్కు.

ఈ గొడవంతా అయ్యాక నేనూ ఒక పూట సీపీఆర్ క్లాసుకి వెళ్లా. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం అయిదు సెంటీమీటర్ల లోతు. క్విజ్‌లో ఈ జవాబులు పెట్టింది నేనే! బొమ్మ మీద మొదటి నిమిషానికే నా చేతులు తేలిపోయాయి, లోతు సరిపోవట్లేదని బొమ్మ చెబుతూనే ఉంది. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలని ఎందుకంటారో అప్పుడు తెలిసొచ్చింది.

కంపెనీవాళ్ల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. విమానం దిగి మళ్లీ ఎగిరేలోపు అరగంట, అందులో ఆలస్యమైతే పెనాల్టీ. కానీ కోర్సుకి గంట పడుతుందని కాంట్రాక్టులో రాసుకున్నవాళ్లు ఆ గంట షిఫ్టులో ఎక్కడ ఉందో కూడా చూపించాలి కదా?

నేను చెయ్యగలిగింది ఒక టికెట్ పెట్టడం. ప్రాక్టికల్ చేయించానని ట్రైనర్ నమోదు చేస్తేనే సర్టిఫికెట్ బటన్ కనబడాలి అని. పని రెండ్రోజులది. ఆడిట్ దగ్గర పడుతోంది, పూర్తి చేసినవాళ్ల శాతం పడిపోతుంది, ఫేజ్ టూలో చూద్దాం అన్నారు. ఫేజ్ టూ ఇంకా మొదలవలేదు. టికెట్ నా పేరు మీదే ఉంది.