ఉత్తుత్తి కావలివాడు

పిల్లలూ! మీ బడిలో ఎన్నికల పోలింగు జరగడం చూసే ఉంటారు. ఆ విధులు మా ఉపాధ్యాయుల మీదే పడుతుంటాయి. పోలింగుకు ముందు, ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లు ఉత్తుత్తిగా వేయిస్తాం. లెక్క సరిపోయిందని చూపించి, వాటిని చెరిపేస్తాం. అసలు పోలింగు ఆ తర్వాతే. దీన్ని మాక్ పోల్ అంటారు. వెబ్ అప్లికేషన్లు తయారుచేసే మీరూ ఇదే పద్ధతి పాటించాలని నా అభిప్రాయం.

ఎందుకంటారా? మా తొమ్మిదో తరగతి పిల్లలు బడి గ్రంథాలయం కోసం ఒక వెబ్ అప్లికేషన్ తయారుచేశారు. లాగిన్ పనిచేస్తోందో లేదో చూడడానికి ఏం చేశారనుకున్నారు? తోటివాళ్ల అసలు పాస్‌వర్డులు అడిగి నోటుపుస్తకంలో రాసుకున్నారు! వెంటనే ఆపించాను. "ఒక్కసారే కదా మాస్టారూ!" అన్నాడొకడు. పాస్‌వర్డు ఒక్కసారి బయటపడినా బయటపడినట్లే. అదే పాస్‌వర్డు ఇంట్లో నాన్నగారి ఈమెయిలుకూ ఉండవచ్చు.

మరి పరీక్షించడం ఎలా? ముందు లాగిన్ సంగతి చూద్దాం. చాలా అప్లికేషన్లు పాస్‌వర్డును తామే సరిచూడవు. మనల్ని ఒక లాగిన్ సర్వీసు దగ్గరకు పంపుతాయి. అది మనల్ని గుర్తించి, "ఈమె ఫలానా" అని ఒక చీటీ ఇస్తుంది. దాని పేరు టోకెన్. దానికి డిజిటల్ సంతకమూ, గడువూ ఉంటాయి. 2014లో వెలువడిన ఓపెన్ఐడి కనెక్ట్ అనే ప్రమాణంలో ఉన్నది ఈ పద్ధతే.

అప్లికేషన్ చూసేది చీటీనే కనుక, అలాంటి చీటీలిచ్చే చిన్న ప్రోగ్రామును మన కంప్యూటరులోనే 127.0.0.1 అనే చిరునామాలో నడిపితే చాలు. ఏ కంప్యూటరైనా తనను తాను పిలుచుకునే చిరునామా అది. పరీక్ష జరిగినంతసేపూ ఈ ఉత్తుత్తి కావలివాడి సంతకాన్నే నమ్మమని అప్లికేషన్‌కు చెప్పాలి. సీత, రాము అని ఊహా విద్యార్థులను పెట్టుకోండి. వాళ్ల ఈమెయిళ్లకు ఎగ్జాంపుల్.కామ్ వాడండి. ఉదాహరణల కోసమే 1999లో కేటాయించిన పేరది.

ఇందులో మరో లాభముంది. గడువు తీరిన చీటీ, తప్పుడు సంతకమున్న చీటీ కావాలన్నప్పుడల్లా ఇప్పించవచ్చు. వాటిని మీ అప్లికేషన్ ఆపుతోందా? అసలు పరీక్ష అదే!

ఒక్క హెచ్చరిక. మాక్ పోల్ ఓట్లు చెరపడం మరిస్తే ఫలితం ఏమవుతుంది? అలాగే, అసలు వెబ్‌సైటు తెరిచేముందు ఉత్తుత్తి కావలివాణ్ణి తొలగించండి. లేకపోతే ఎవరు ఏ పేరు చెప్పినా లోపలికి రానిస్తాడు!